కిరణ్ పాల్ పేరుతో వచ్చిన వార్త

మాదాపూర్ గుట్టల్లో ఇంకా బండలు పేలుస్తున్న రోజుల్లో, ఆ చుట్టుపక్కల ఊళ్ళ వార్తలను ఒక తెలుగు దినపత్రికకు పంపే మనిషి కిరణ్ పాల్. ముప్పై ఏళ్ళవాడు. సన్నగా ఉండేవాడు, కొంచెం వంగి నడిచేవాడు. ఇల్లు బోరబండలో. తండ్రి అబ్రహాం గుంటూరు వైపు నుంచి వచ్చి, సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య లీదియాది మెదక్. అక్కడే నర్సింగ్ చదివి, కొండాపూర్ దారిలో కొత్తగా పెట్టిన ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేది.

కిరణ్ పాల్‌ది పత్రికలో ఉద్యోగం కాదు. కంట్రిబ్యూటర్ అనేవారు. పొద్దున మిషన్ స్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి, మధ్యాహ్నం నుంచి మోపెడ్ వేసుకుని తిరిగేవాడు. బోరు ఎండిపోయిందనీ, బస్సు రావడం లేదనీ, సర్పంచికీ వార్డు మెంబరుకీ గొడవైందనీ రాసి ఫ్యాక్స్ చేసేవాడు. అవి జిల్లా పేజీల్లో ఓ మూల వచ్చేవి. పైన 'మా విలేకరి' అని తప్ప పేరు ఉండేది కాదు.

"నువ్వు రాశావని జనానికెట్లా తెలుస్తుంది రా?" అని అబ్రహాం అడిగేవాడు.

"తెలవాల్సినోళ్ళకు తెలుస్తది నాన్నా" అని కిరణ్ పాల్ నవ్వేసేవాడు. కానీ ఆ మాట లోపల గుచ్చుకునేది.

హైటెక్ సిటీ పని మొదలయ్యాక అతని వార్తలకు ఒక్కసారిగా విలువ వచ్చింది. మేకలు మేసిన గుట్ట మీద ఎన్ని అంతస్తులు లేచాయో హైదరాబాదంతా తెలుసుకోవాలనుకుంటోంది. భవనం కడుతున్న కంపెనీలో ఉదయ్ భాస్కర్ అని ఒక పౌరసంబంధాల అధికారి ఉండేవాడు. కాకినాడ మనిషి, మాట మెత్తన. విలేకరులకు కారు పంపేవాడు, ఏసీ గదిలో కూర్చోబెట్టి చల్లని నిమ్మరసం ఇచ్చేవాడు, వెళ్ళేటప్పుడు శుభ్రంగా టైపు చేసిన ప్రెస్‌నోట్ చేతిలో పెట్టేవాడు.

"మీకు శ్రమ లేకుండా తెలుగులోనే చేయించామండి. ఏ మార్పులు కావాలన్నా మీ ఇష్టమండి" అనేవాడు.

మార్పులు చేయాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. కిరణ్ పాల్ పై వాక్యం కిందికీ కింది వాక్యం పైకీ మార్చి పంపేవాడు. అది చక్కగా అచ్చయ్యేది. సిటీ ఆఫీసులో ప్రాంతీయ వార్తలు చూసే నారాయణప్ప, "బాగుండాదప్పా, ఇట్లే పంపిస్తా ఉండు" అని మెచ్చుకునేవాడు.

తొంభై ఎనిమిది వేసవి వచ్చింది. మే నెల సగం దాటాక ఎండ తీరు మారిపోయింది. పొద్దున్నే గాలి వేడిగా ఉండేది. చీకటి పడ్డా బండలు చల్లారేవి కాదు. కోస్తా జిల్లాల్లో జనం రాలిపోతున్నారని వార్తలు వస్తున్నాయి. నగరం పేజీల్లో మాత్రం ఎండ అంటే ముఖానికి చున్నీ కట్టుకుని స్కూటర్ మీద వెళ్తున్న అమ్మాయిల ఫోటో, జూపార్కులో ఏనుగుకు పైపుతో నీళ్ళు కొడుతున్న ఫోటో.

స్కూలు సెలవులు కావడంతో కిరణ్ పాల్ రోజంతా బయటే ఉండేవాడు. ఒకరోజు ఆ కడుతున్న టవర్ వెనక కూలీల రేకుల షెడ్ల దగ్గర జనం గుమిగూడి ఉంటే మోపెడ్ ఆపాడు. చాప మీద ఒక ఆడమనిషి శవం. పేరు రుక్కమ్మ. నారాయణఖేడ్ వైపు నుంచి వలస వచ్చి కాంక్రీటు తట్టలు మోసేది. ఆ ముఠాకు మేస్త్రీ కొమురయ్య. అతని భార్య రాజమ్మ శవం తల దగ్గర కూర్చుని ఉంది.

"ఏమైంది?" అని అడిగాడు కిరణ్ పాల్.

"పొద్దుగాల మంచిగనే ఉండె సారూ" అన్నాడు కొమురయ్య. "ఎండ నెత్తి మీదికి రాంగనే తల తిరుగుతున్నదన్నది. ఒళ్ళు ముట్టుకుంటే పెనం లెక్క కాలుతున్నది. చెమట చుక్క లేదు. గంతే, మాట పడిపోయె."

"రేకుల కింద పండవెట్టినం" అంది రాజమ్మ. "గా రేకుల కింద ఇంక ఉడుకు. ఎక్కడ పండవెట్టాలె మరి?"

కిరణ్ పాల్ ఎస్టీడీ బూత్‌లో కూర్చుని 'వడదెబ్బకు మహిళా కూలీ మృతి' అని రాసి పంపించి, అందిందో లేదో కనుక్కుందామని ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"వడదెబ్బని ఎవరు చెప్పినారప్పా?" అన్నాడు నారాయణప్ప.

"కూలోళ్ళు చెప్పిన్రు సార్. నేను చూసిన గద శవాన్ని."

"నువ్వు డాక్టరువా? ఎవరన్నా ఆఫీసరు ధ్రువీకరించినాడా?"

కిరణ్ పాల్ ఒక అధికారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఫ్యాను కింద కూర్చుని, పోస్టుమార్టం జరగలేదు కాబట్టి తాను ఏమీ చెప్పలేనన్నాడు. ఈలోగా కంపెనీ నుంచి ఆఫీసుకు ఫ్యాక్స్ వెళ్ళింది. ఆమెకు పాత గుండెజబ్బు ఉందని అందులో ఉంది. మర్నాడు పేపర్లో 'అస్వస్థతతో మహిళ మృతి' అని నాలుగు వాక్యాలు వచ్చాయి. ఎండ అన్న మాటే అందులో లేదు.

రుక్కమ్మ చనిపోయాక కూలీలు కొమురయ్యను ముందు పెట్టుకుని సైటు మేనేజరును అడగడం మొదలుపెట్టారు. ఎండ తగ్గేదాకా మధ్యాహ్నం పని ఆపాలి, ఆ పని తెల్లవారుజామున, సాయంత్రం చేస్తాం అని. మేనేజరు కాదనలేదు, ఔననలేదు. పైవాళ్ళతో మాట్లాడి వారంలో చెప్తానన్నాడు. కొమురయ్య ఈ సంగతి కిరణ్ పాల్‌కు చెప్పి, "జర నువ్వు ఎండల ముచ్చట పెద్దగ రాయి సారూ. పేపర్ల వస్తె భయపడ్తరు" అన్నాడు.

ఆ మాట కిరణ్ పాల్‌కు నచ్చింది. ఈసారి ఎవరూ కాదనలేని మనిషితో చెప్పించాలనుకున్నాడు. గోపన్‌పల్లి దగ్గరున్న విశ్వవిద్యాలయానికి వెళ్ళి వెంకటరామయ్య అనే ప్రొఫెసరును కలిశాడు. వాతావరణం మీద పనిచేసిన మనిషి. మాట ఆచితూచి మాట్లాడేవాడు.

"చూడండి బాబూ" అన్నాడాయన. "ఈ ఒక్క వేసవిని పట్టుకుని ఇదే భూమి వేడెక్కడం అని ఏ శాస్త్రవేత్తా చెప్పడు, చెప్పకూడదు కూడా. కానీ బొగ్గూ చమురూ కాల్చి గాలిలోకి వదిలేది ఇలాగే పెరుగుతూ పోతే, అరుదుగా వచ్చే ఇలాంటి వేసవులు తరచుగా వస్తాయి. పోయిన డిసెంబరులో దేశాలన్నీ జపాన్‌లో కూర్చుని మాట్లాడుకుంది దీని గురించేనండి. పైగా ఇక్కడ చెట్లు కొట్టి బండా కాంక్రీటూ పరుస్తున్నాం. ముందు పోయేది బయట పనిచేసేవాళ్ళే. వాళ్ళకు మధ్యాహ్నం నీడ ఇవ్వడం రేపటి పని కాదు, ఇవాళ్టి పని."

కిరణ్ పాల్ ఆ మాటలన్నీ రాసుకున్నాడు. ఇంటికొచ్చి పెద్ద వ్యాసం రాశాడు. షెడ్లలో వేడి, రుక్కమ్మ చావు, ప్రొఫెసరు చెప్పినది, కూలీల కోరిక అన్నీ పెట్టాడు. లీదియా చదివి, "ఇది మంచిగున్నది. ఇది నువ్వు రాసినట్టున్నది" అంది.

ఈసారి ఫ్యాక్స్ చేయకుండా తానే ఆఫీసుకు తీసుకెళ్ళాడు. నారాయణప్ప మొత్తం చదివాడు.

"మంచి సబ్జెక్టు. జిల్లా పేజీలో కాదు, మెయిన్ పేపర్లోనే వేస్తాం. కానీ ఒకవైపే ఉండాది. రెండో వైపు వద్దా?"

"ఎండకు రెండో వైపేముంటది సార్?"

"వార్తకుంటాది. లేకుంటే మనకు ఫోన్లొస్తాయి. నేను చూసుకుంటాలే, నువ్వు పో."

రెండో వైపు కోసం నారాయణప్ప వెతుక్కోవాల్సిన పని పడలేదు. ఉదయ్ భాస్కర్‌కు ఒక్క ఫోన్ చేస్తే, ఆయన ఒక సలహాదారు పేరూ, ఆ సలహాదారు అభిప్రాయమూ టైపు చేయించి సాయంత్రానికల్లా పంపాడు. భూమి వేడెక్కుతోందన్నది కొన్ని పాశ్చాత్య దేశాల వాదన మాత్రమేననీ, దక్కన్‌లో ఎండలు తాతల నాటి నుంచీ ఉన్నవేననీ, ప్రజలు అనవసరంగా ఆందోళన చెందితే పెట్టుబడులు వెనక్కి పోతాయనీ అందులో ఉంది.

ఆదివారం పొద్దున అబ్రహాం పేపరు పట్టుకుని కొడుకును నిద్ర లేపాడు.

"నీ పేరు రా! మెయిన్ పేపర్లో! చూడు, ఎంత అక్షరాలో!"

కిరణ్ పాల్ ముందు తన పేరే చూసుకున్నాడు. చాలాసేపు దాన్నే చూశాడు. ఆ తర్వాత హెడ్డింగు చదివాడు. 'ఈ ఎండలు కొత్త కావు – నిపుణులు'. లోపల సగం సలహాదారు మాటలు. ప్రొఫెసరు చెప్పినదాంట్లో ఒక్క వాక్యం మిగిలింది: ఈ ఒక్క వేసవిని బట్టి భూమి వేడెక్కుతోందని చెప్పలేం. దాని తర్వాత ఉండాల్సిన 'కానీ' లేదు. రుక్కమ్మ లేదు. షెడ్లు లేవు. కూలీల కోరిక లేదు. పక్క పేజీ నిండా రంగుల్లో ఆ భవనం ప్రకటన.

"ఇది నేను రాసింది కాదు నాన్నా."

"నీ పేరుంది కదరా" అన్నాడు అబ్రహాం అర్థం కాక. ఆయన ఆ పేపరు మడిచి చర్చికి తీసుకెళ్ళాడు. ఆరాధన అయ్యాక పెద్దలందరికీ చూపించాడు. జనం వచ్చి కిరణ్ పాల్ చేయి పట్టుకుని ఊపారు. అతను కాదనలేదు. ఆ పూట తనకు సిగ్గుతో పాటు సంతోషం కూడా కలిగిందని చాలాకాలం తర్వాత లీదియాతో చెప్పాడు.

సోమవారం సైటు మేనేజరు ఆ పేపరు ముక్క కత్తిరించి ఆఫీసు గది తలుపుకు అతికించాడు. కొమురయ్య జవాబు కోసం వెళ్తే వేలుతో చూపించాడు. కొమురయ్యకు చదువు రాదు. పక్కనున్న సూపర్‌వైజరు పెద్దగా చదివి వినిపించాడు. ఎండలు కొత్త కావు, నిపుణులే చెప్పారు, యూనివర్సిటీ పెద్దసారు కూడా అదే అన్నాడు. మధ్యాహ్నం పని ఎప్పటిలాగే ఉంటుందని మేనేజరు తేల్చేశాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం రాజమ్మను కంకర ట్రాక్టరులో వేసి లీదియా పనిచేసే ఆసుపత్రికి తెచ్చారు. స్పృహ లేదు. లీదియా బట్టలు వదులు చేసి, తడి దుప్పట్లు కప్పి, ఎదురుగా ఉన్న కూల్‌డ్రింకుల కొట్టు నుంచి ఐసు తెప్పించి చంకల్లో పెట్టింది. డాక్టరు సెలైన్ ఎక్కించాడు. ఒంటి వేడి దిగలేదు. ఒకసారి ఫిట్స్ వచ్చాయి. పొద్దు వాలకముందే రాజమ్మ ప్రాణం పోయింది.

లీదియా ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా గడప దగ్గరే నిలబడింది.

"కొమురయ్య భార్యనంట. ఖేడ్ దిక్కామె. నువ్వు చెప్పినవ్ గద ఆమె ముచ్చట?"

కిరణ్ పాల్ ఔనని తలూపాడు.

"ఎండదెబ్బనే అది. నాకు ఇంక వేరే డౌటేం లేదు. పనాపి నీడల కూసోవెడ్తే బతుకుతుండె ఆమె." చెప్పులు విడుస్తూ అంది: "ఆమె పెనిమిటి నన్ను అడిగిండు, పేపర్ల ఎండలు మామూలే అన్నరంట, మరి గిట్లెట్ల అయితది అని. నేనేం చెప్పాలె?"

మర్నాడు పొద్దున కిరణ్ పాల్ షెడ్ల దగ్గరికి వెళ్ళాడు. కొమురయ్య సామాను మూట కడుతున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు గోడకు ఆనుకుని కూర్చున్నారు. కొమురయ్య తల ఎత్తి చూసి మళ్ళీ మూట కట్టుకోసాగాడు.

"కొమురయ్యా, నేను రాసింది గది కాదు. ఆఫీసుల మార్చిన్రు."

"నీ పేరే ఉన్నదంట గద."

"ఉన్నది. కానీ..."

"నువ్వు రాయకుంటె మరి పేరెందుకు ఏయించుకున్నవ్ సారూ?"

కొమురయ్య గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. కిరణ్ పాల్ వంగి మూట పట్టుకున్నాడు. ఎత్తబోతే కొమురయ్య వద్దని చేత్తో అడ్డం పెట్టాడు. పిల్లలను లేపి మెయిన్ రోడ్డు వైపు నడిచాడు.

కిరణ్ పాల్ అక్కడి నుంచి తిన్నగా సిటీ ఆఫీసుకు వెళ్ళాడు. సవరణ వేయాలన్నాడు. రాజమ్మ చావు వేయాలన్నాడు. నారాయణప్ప తలుపు దగ్గరికి వేసి అతన్ని కూర్చోబెట్టాడు.

"ఆ వ్యాసంలో ఏ మాట అబద్ధమో చూపించప్పా. సవరణ వేస్తాను."

కిరణ్ పాల్ వెతికాడు. ఏ మాటా అబద్ధం కాదు. ప్రొఫెసరు ఆ వాక్యం అన్నాడు. సలహాదారు తన మాటలు అన్నాడు.

"సరే, రాజమ్మ సంగతి? ఎండదెబ్బ అని చూసినోళ్ళున్నరు."

"ఎవరు?"

"డాక్టరు పేరొద్దన్నడు. నర్సు చెప్తది. పేరు పెట్టుకొమ్మన్నది."

"ఏ నర్సు?"

"నా భార్య."

నారాయణప్ప కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఆయన చెడ్డమనిషి కాదు. అలసిపోయిన మనిషి.

"నీ భార్య మాట నీ వార్తలో ఎట్లా వేస్తానప్పా? రేపు ఆ కంపెనీవాళ్ళు అడిగితే నేనేం చెప్పాల? చూడు కిరణూ, దినామూ నాకు ఫోన్ చేసేది ఎవరు? మంత్రి పేషీ, ఆఫీసర్లు, కంపెనీలు. అడిగిన దానికి గంటలో కాగితం వస్తాది. నేను పేజీ నింపుకుంటా. మీ కొమురయ్య ఏనాడన్నా నాకు ఫోన్ చేసినాడా? నాకు ఫోన్ చేసేవాళ్ళే ఈ పేపరు రాస్తా ఉండేది. నువ్వూ కాదు, నేనూ కాదు."

రాజమ్మ చావు ఏ పేపర్లోనూ రాలేదు. లీదియా పేపరుకు చెప్పడానికి ఒప్పుకుందన్న సంగతి ఎలాగో ఆసుపత్రికి చేరింది. యజమాని ఆమెను పిలిచి, ఇంకోసారి ఇలాంటివి వింటే వేరే చోటు చూసుకోవాలన్నాడు.

ప్రొఫెసరుకు ముఖం చూపించడానికి కిరణ్ పాల్‌కు చాలా రోజులు పట్టింది. వెళ్ళి రాజమ్మ సంగతి చెప్తే ఆయన కుర్చీ చూపించి, "నేను కామా పెట్టిన చోట మీరు ఫుల్‌స్టాప్ పెట్టారండి" అన్నాడు. "ఇకమీదట నేను పేపర్లతో మాట్లాడను. తప్పు మీది ఒక్కరిదే కాదు, తెలుసు. కానీ ఆ వాక్యం వల్ల ఒక మనిషి చనిపోయిందని మీరంటున్నారు. ఆ మాట మోయడం నా వల్ల కాదు."

జూన్ సగంలో వానలు పడ్డాయి. ఎండ వార్తలు ఆగిపోయి, రోడ్ల మీద గుంతల వార్తలు మొదలయ్యాయి. నవంబరులో భవనం ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. ప్రత్యేక అనుబంధానికి ఒక వ్యాసం రాయమని, పేరు పెద్దగా వేయిస్తామని ఉదయ్ భాస్కర్ స్వయంగా బోరబండకు వచ్చి అడిగాడు.

"రాయనండి" అన్నాడు కిరణ్ పాల్.

"ఎందుకండీ? మావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?"

"మీ టవర్ కింద ఇద్దరు ఆడోళ్ళు చచ్చిపోయిన్రు. అది రాయనిస్తే రాస్త."

ఉదయ్ భాస్కర్ లీదియా ఇచ్చిన టీ పూర్తిగా తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వ్యాసం ఇంకెవరో రాశారు.

మరుసటి ఏడాది వేసవికి మణికొండ వైపు ఇంకో భవనం, ఇంకో కంపెనీ, కొత్త కూలీలు. కిరణ్ పాల్ అప్పటికి ఒక అలవాటు చేసుకున్నాడు. ఎవరి గురించి రాస్తే వాళ్ళకే, ఆఫీసుకు పంపేముందు, చదివి వినిపించేవాడు. ఆ కూలీల్లో కమలమ్మ అనే పెద్దామె ఉండేది. షెడ్లలో ముగ్గురు సొమ్మసిల్లి పడిపోయారన్న వార్త ఆమెకు చదివి వినిపిస్తే, విని, "నీళ్ళ ట్యాంకరొస్తలేదని గూడ రాయి" అంది. రాశాడు. మర్నాడు పేపరు తెచ్చి చదివాడు.

"నీళ్ళ ముచ్చటేది?" అంది కమలమ్మ.

"తీసేసిన్రు."

"ఎవరు తీసేసిన్రు? గాయిన ఏడుంటడు?"

కిరణ్ పాల్ ఆమెను మోపెడ్ వెనక ఎక్కించుకుని ఎస్టీడీ బూత్‌కు తీసుకెళ్ళాడు. నారాయణప్ప నంబరు కలిపి రిసీవరు ఆమె చేతికిచ్చాడు. కమలమ్మ జీవితంలో ఫోన్ పట్టుకోవడం అదే మొదలు. బూత్ అద్దాలు అదిరేలా మాట్లాడింది. దాహంతో పిల్లలు ఏడుస్తున్నారనీ, ఎండకు మనుషులు పడిపోతున్నారనీ, నీళ్ళు లేవని రాస్తే నీకేం నొప్పి అనీ అడిగింది. ఆ తర్వాత ఆ షెడ్లలోని మిగతా ఆడవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు బూత్‌కు వెళ్ళి ఫోన్లు చేశారు. చివరికి పేపర్లో జిల్లా పేజీలో రెండు వాక్యాలు వచ్చాయి. ట్యాంకరు వచ్చింది. మధ్యాహ్నం పని మాత్రం ఆగలేదు. ఆ నెలలో అక్కడ ఒక కూలీ ఎండకు పోయాడు. 'అస్వస్థతతో మృతి' అని వచ్చింది.

నారాయణప్ప నంబరు కూలీలకు ఇచ్చినందుకు కిరణ్ పాల్‌ను హైటెక్ సిటీ వైపు నుంచి తప్పించారు. పటాన్‌చెరు వైపు చూసుకోమన్నారు. అతను ఒప్పుకున్నాడు. అబ్రహాం ఆ ఆదివారపు పేపరును అద్దం కట్టించి గోడకు తగిలించాలనుకున్నాడు. కొడుకు వద్దన్నాడు. పెట్టెలో దాచుకున్నాడు.

కొమురయ్య మళ్ళీ ఆ గుట్టల వైపు రాలేదు. ఆ ఏడాది చివర్లో మెదక్ వెళ్తున్న లీదియాకు బస్సులో కనిపించాడు. చిన్నపిల్ల ఒళ్ళో ఉంది, పెద్దది పక్కన లేదు. లీదియా దగ్గరికి వెళ్ళి, "నేను దవాఖానల నర్సును, యాదికున్ననా?" అని అడిగింది. కొమురయ్య ఆమెను తేరిపార చూశాడు. "లేదమ్మా" అన్నాడు. పిల్లను భుజాన వేసుకుని, దిగాల్సిన ఊరు ఇంకా రాకముందే బస్సు దిగిపోయాడు.